ప్లేస్‌మెంట్ కోటు

నేను ఒక కోటును. రంగు ఆకుపచ్చ. నల్లదాన్నయితే కోర్టుకి వెళ్లేదాన్ని, తెల్లదాన్నయితే ఆసుపత్రిలో నలుగురి చేతా నమస్కారాలు పెట్టించుకునేదాన్ని. పచ్చకోటుకి లోకంలో ఏ ఉద్యోగమూ లేదు. అందుకే కాబోలు, పాతికేళ్లకు పైగా పక్కవాళ్ల ఉద్యోగాల కోసం తిరగడమే నా పనైపోయింది.

నేను పుట్టింది విశాఖపట్నంలో, పూర్ణా మార్కెట్ పక్క సందులో, సత్తార్ భాయ్ మిషను మీద. ఆయన లాయర్లకు కోట్లు కుట్టే మనిషి. ఆడపిల్లకి కోటు కావాలని ఆయన కొట్టు మెట్లెక్కిన మొదటి మనిషి ఇందుమతి. చదువు అప్పుడే పూర్తయింది. ఒక పత్రికాఫీసులో విలేకరి ఉద్యోగానికి పిలుపు వచ్చింది. ఆమె నల్లబట్ట చేతిలోకి తీసుకోగానే వెంట వచ్చిన వాళ్లమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది. "శుభమా అని మొదటి ఉద్యోగానికెళ్తూ నలుపేమిటే!" అలా నేను పచ్చగా పుట్టాను. సత్తార్ భాయ్ అలవాటు కొద్దీ గుండీలు మగవాళ్ల కోటుకి కుట్టినట్టే కుట్టేశాడు. లోపల లైనింగుకి మాత్రం కొట్లో మిగిలిపోయిన ఇటుకరంగు శాటిన్ వేశాడు. ఎవరు చూడొచ్చారులే అనుకుని ఉంటాడు.

ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. ఇందుమతి రాసి పట్టుకెళ్లిన వ్యాసాల మీద ఒక్క ప్రశ్న లేదు. "రాత్రి డ్యూటీ వేస్తే ఎలా వస్తావమ్మా? ఎవరు దిగబెడతారు?" అని అడిగారు. ఆ పిల్ల తెల్లమొహం వేసింది. "ఇంటికెళ్లి ఆలోచించుకో తల్లీ" అంటూ ఎంతో ప్రేమగా గుమ్మం దాకా సాగనంపారు. కాదని చెప్పేటప్పుడు మనుషులకి ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది. తిరుగు బస్సులో ఆమె నా చేతి అంచుతో కళ్లు తుడుచుకుంది. కోటు బట్ట కన్నీళ్లకి పనికిరాదు, గుచ్చుకుంటుంది. నాకు చాలా బాధేసింది.

తర్వాత ఆమె ఒక మహిళా కళాశాలలో కమ్యూనికేషన్స్ లెక్చరరైంది. ఆ ఉద్యోగానికి చీరలోనే వెళ్లింది. నన్ను పెట్టెలోంచి తీయనైనా లేదు. కలరా ఉండల వాసన పీలుస్తూ కొన్నేళ్లు పడి ఉన్నాక, ఒక శనివారం నన్ను దులిపి కాలేజీకి పట్టుకెళ్లి, డిపార్ట్‌మెంటు బీరువాలో తగిలించింది.

శనివారం మధ్యాహ్నాలు ఇందుమతి మేడమ్ ఒక క్లాసు తీసుకునేవారు. టైంటేబుల్‌లో దాని పేరు వృత్తి నైపుణ్యాలు. పిల్లలు పెట్టుకున్న పేరు 'కోటు క్లాసు'. అందులో ఎలా కూర్చోవాలో, ఎలా నిలబడాలో, జీతం సంగతి సిగ్గుపడకుండా ఎలా అడగాలో నేర్పేవారు. ఒక్కొక్కరూ నన్ను తొడుక్కుని ఉత్తుత్తి ఇంటర్వ్యూకి కూర్చునేవారు. సన్నపిల్లకి నేను గుడారాన్ని, బొద్దుపిల్లకి ఊపిరాడని బిగుతుని. అందరికీ సర్దుకోవాలని నా జేబునిండా పిన్నీసులు. మేడమ్ ఏం అడిగినా అడక్కపోయినా ఒక ప్రశ్న మాత్రం ప్రతి పిల్లనీ అడిగేవారు. "రాత్రి డ్యూటీ వేస్తే ఎలా వస్తావ్?" జవాబు కూడా ఆవిడే నేర్పేవారు. "మీ మగ ఉద్యోగులు ఎలా వస్తారో అలాగేనండీ. ఆఫీసు బండి పంపితే ఇంకా మంచిది." ఆవిడకి ఆ ప్రశ్న మీద అంత పట్టుదల ఎందుకో పిల్లలకి తెలీదు. నాకు తెలుసు.

నన్ను తొడుక్కుని మొదట ఉద్యోగం కొట్టింది జుబేదా. హాస్టల్ పిల్లకదా, చాకలి మూటలో బట్టలు తారుమారు కాకుండా ప్రతి గుడ్డ మీదా పేరు కుట్టుకునే అలవాటు. నన్ను ఇస్త్రీకి వేస్తూ నా లోపల కూడా తెల్లదారంతో 'జుబేదా' అని కుట్టేసింది. అది చూసి మేడమ్ కోప్పడతారనుకుంటే పకపకా నవ్వారు. "ఉండనీ. ఇకమీదట ఇదే రూలు. ఉద్యోగం వచ్చినవాళ్లే పేరు కుట్టాలి. రానివాళ్లు సూది ముట్టుకోకూడదు" అన్నారు. తన రూలుకి తనే బయట నిలబడ్డానని ఆవిడకి తట్టిందో లేదో మరి. అలా గ్రేస్‌మణి వచ్చింది, ధనరేఖ వచ్చింది, ఇంకా ఎందరో వచ్చారు. శాటిన్ మీద పేర్లు కిక్కిరిసిపోయాయి. బయటినుంచి చూస్తే నేను మోచేతులు అరిగిన పాత కోటును. లోపల నా దర్జా వేరు.

ఇక సునంద సంగతి చెప్తాను. ఆమె కోసమే ఇదంతా మొదలుపెట్టాను.

సునందది గజపతినగరం. తండ్రి అప్పలస్వామి ఆర్టీసీ కండక్టరు. రోజంతా అరిచే మనిషి కావడంచేత ఇంట్లో నెమ్మదిగా మాట్లాడతాడు. ఆ నెమ్మది గొంతుతోనే ఒక గడువు పెట్టాడు. చదువు ముగిసేలోపు ఉద్యోగం వస్తే సరే. లేదంటే బీఈడీ. గైడు అప్పటికే కొనేసి, అట్ట వేసి, దేవుడి దగ్గర పెట్టాడు. సునందకి పంతులమ్మ పని అంటే చిన్నచూపేం లేదు. కానీ హాస్టల్లో నీళ్లు రాకపోతే ఆ కబురు అందరికంటే ముందు చేరవేసేది, ఎందుకు రాలేదో కనుక్కుని మరీ చెప్పేది తనే. ఆ నోరు వార్తల కోసం పుట్టింది. చదువు ముగియడానికి నెలరోజులుందనగా నగరంలోని ఒక టీవీ ఛానల్ మా కాలేజీ నుంచి ఒక్కరిని తీసుకుంటామంది. కెమెరా ముందు వాతావరణ వార్తలు చదివి చూపించాలి. మేడమ్ పంపింది సునందని.

ఇక్కడ మా డిపార్ట్‌మెంటు స్టూడియో గురించి చెప్పాలి. అది పాత స్టోరు గది. టీవీల్లో మనిషి వెనక బొమ్మ మార్చడానికి గోడకి ఒకే రంగు గుడ్డ కడతారు కదా, కంప్యూటరు ఆ రంగుని చెరిపేసి అక్కడ మ్యాపో సముద్రమో పెడుతుంది. మా గోడకి షామియానా కొట్టువాడిచ్చిన నీలం గుడ్డ కట్టారు. అందుకని తలుపు మీద పెద్ద అక్షరాలతో 'నీలం నిషేధం' అని రాసి ఉంటుంది. మూడేళ్లు అదే పాఠం. సునంద ఎంత జాగ్రత్తపరురాలంటే, ఆ ఉదయం నీలం గాజులు తీసేసింది, నీలం మూత ఉన్న పెన్ను పారేసింది, జడకున్న నీలం రబ్బరు స్నేహితురాలి మొహాన కొట్టింది. తర్వాత చక్కగా చిలకపచ్చ చుడీదార్ వేసుకుని, దాని మీద మ్యాచింగ్‌గా నన్ను తొడుక్కుంది. నేనూ మురిసిపోయాను.

ఛానల్ స్టూడియోలో గోడ నీలం కాదు. పచ్చ.

అది చూసి కూడా సునందకి అనుమానం రాలేదు. ఆమె మనసంతా నీలం మీదే ఉంది. లైట్లు వెలిగాయి. "ఉత్తర కోస్తాలో రాగల ఇరవై నాలుగు గంటల్లో..." అని మొదలుపెట్టిందో లేదో, తెర చూస్తున్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఆమె గొంతు పెంచింది. వాళ్ల నవ్వూ పెరిగింది. చివరికి కెమెరామన్ నూకరాజు తల బయటపెట్టి, "మేడమ్, మీరు లేరండి" అన్నాడు.

"ఏటి? ఉన్నాను కదండీ!"

తెరని ఇటు తిప్పారు. బంగాళాఖాతం మీద ఒక తలకాయ, రెండు అరచేతులు తేలుతున్నాయి. మధ్యలో ఉండాల్సిన నేను లేను. నా ఒంటి నిండా అలలే. ఇన్నేళ్లలో నాకు అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు. ఎందరో పిల్లల్ని నలుగురిలో నిలబెట్టాననుకున్నాను, ఈ పిల్లని మాత్రం ఏకంగా మాయం చేసేశాను.

ఆ గదిలో పెద్ద దిక్కు న్యూస్ ఎడిటర్ అరుంధతి. ఆవిడ నవ్వలేదు. "కోటు తీసి చదవమ్మా" అంది. సునంద నా వైపు చూసుకుంది. కింద చుడీదార్ కూడా పచ్చే. "తీస్తే కూడా నేను కనపడనండి" అంది. దేవుడి దగ్గర పెట్టిన గైడు ఆమె కళ్లముందు కదిలి ఉంటుంది.

తలొంచుకునేసరికి నా లోపలి ఇటుకరంగు కంటపడింది. తర్వాత గబగబా నా జేబులో పిన్నీసులు తీసుకుని, నన్ను విప్పి, చేతులు లోపలికి లాగి, తిరగేసి తొడుక్కుంది. మెడదాకా పిన్నీసులు గుచ్చుకుంది. కుట్లన్నీ బయటికొచ్చాయి. అంచుల్లో పచ్చబట్ట చారలు రెండు మిగిలితే వాటిలో మాత్రం సముద్రం ఊగుతోంది. మిగతాదంతా ఇటుకరంగు, దాని నిండా తెల్లటి పేర్లు. "ఇప్పుడున్నానా అండీ?" అని అడిగింది.

"ఉన్నావు" అంది అరుంధతి. "నీతో చాలామంది ఉన్నారు. ఎవరు వీళ్లంతా?"

సునంద వాతావరణం మాట మరిచిపోయింది. నేర్చుకున్న పుస్తకాల భాషా ఎటో పోయింది. "మా అక్కలండి. ఈ కోటేసుకునే ఉద్యోగాలు తెచ్చుకున్నారు. ఈవిడ జుబేదా అక్క. రేడియోలో ఉన్నాది. వాళ్ల నాన్న ఈవిడతో మాట్లాడ్డం మానేసినా, సాయంత్రం ఈవిడ ప్రోగ్రాం మాత్రం ఒగ్గడంట. ఈవిడ గ్రేస్‌మణి అక్క. తుఫానప్పుడు ఆసుపత్రిలో రోగుల కబుర్లు ఊళ్లకి పంపింది ఈవిడే. ఈ ధనరేఖ అక్క ఇంటర్వ్యూలో జీతం చాలదనీసి లేచి వచ్చేసింది. వాళ్లే మళ్లీ పిలిచారు..." ఒక్కో పేరు మీదా వేలు పెడుతూ చెప్పుకుపోతోంది. నూకరాజు కెమెరా ఆపలేదు. నవ్విన వాళ్లు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

"ఇంతకీ కోటు ఎవరిది?" అని అడిగింది అరుంధతి.

"మా ఇందుమతి మేడమ్‌దండి. ఆవిడ పేరు..." సునంద నా ఎడమవైపు వెతికింది. కుడివైపు వెతికింది. "లేదండీ" అంది ఆశ్చర్యంగా. "ఎందుకు లేదో నేనెప్పుడూ అడగలేదు. కనుక్కుని చెప్తాను."

"కనుక్కో" అంది అరుంధతి, అంతే. పంపించేశారు.

తర్వాత పదిరోజులు ఏ కబురూ లేదు. అప్పలస్వామి బీఈడీ దరఖాస్తు తెచ్చి, ఫొటో అంటించి, సంతకం ఒక్కటే మిగిల్చాడు. ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. వార్తలు చదివే కుర్చీకి వేరే అమ్మాయి దొరికిందట. సునందని విలేకరిగా రమ్మన్నారు. తండ్రి దరఖాస్తు పక్కన పెట్టి, "రాత్రి డ్యూటీ ఏస్తే ఎలాగమ్మా?" అన్నాడు. "నువ్వు డిపోకి ఎలగెల్తావో అలగే నాన్నా" అంది సునంద. ఆయన నవ్వాడట. ఇదంతా ఆమె మేడమ్‌కి చెప్తుంటే బీరువాలోంచి విన్నాను.

తన పేరు కుట్టడానికి సునంద సూదీ దారం తెచ్చుకుంది. నన్ను ఒళ్లో వేసుకుని, దారం ఎక్కించకుండా, "మేడమ్, మీ పేరు లేదేటి?" అని అడిగింది. మేడమ్ పరీక్ష పేపర్లు సర్దుతూ, "రూలు రూలే. ఈ కోటు వేసుకుని వెళ్లినచోట నాకు ఉద్యోగం ఇవ్వలేదు" అన్నారు తేలిగ్గా. సునంద వదిలే రకం కాదు. "ఏం అడిగారు మేడమ్?" అంది. మేడమ్ చేతిలో పేపర్లు ఆగిపోయాయి. ఎన్నేళ్లుగానో ఎవరికీ చెప్పని మాట నెమ్మదిగా చెప్పారు. "రాత్రి డ్యూటీ వేస్తే ఎలా వస్తావన్నారు. నాకు జవాబు తెలీలేదు."

సునంద సూదిలో దారం ఎక్కించింది. తలొంచుకుని కుట్టడం మొదలుపెట్టింది. మెడ వెనక, ఎవరు తొడుక్కున్నా మొదట తగిలేచోట, సత్తార్ భాయ్ లేబులు ఎప్పుడో ఊడిపోయి జాగా ఖాళీగా ఉంది. ఆ సూది ఎన్నిసార్లు దిగినా నాకు నొప్పి తెలీలేదు. మేడమ్ కళ్లజోడు సవరించుకుని వంగి చూసి, తన పేరు చదువుకున్నారు.

"ఇదేమిటే, రూలు?"

"ఆ ప్రశ్నకి ఇన్ని జవాబులు పంపారు కదా మేడమ్. ఇంతకన్నా ఇంకేటి ఉద్యోగం?"

మేడమ్ నన్ను చేతుల్లోకి తీసుకున్నారు. మళ్లీ నా చేతి అంచే వెతుక్కున్నారు కళ్లకి. ఈసారి నేను లోపలివైపు బయటికి తిరగేసి ఉన్నాను. శాటిన్ గుచ్చుకోదు.