కడిగిన రాయి

ఆదివారం పొద్దున మా ఆయన శిష్యుడు వచ్చాడు. ఇద్దరూ పన్నెండేళ్ళు ఒకే ఆఫీసులో రాళ్ళను పరీక్షించారు. నన్ను వదినా అని పిలుస్తాడు.

"అన్న నోట్‌బుక్కు ఇస్తే మా పరిశోధన పేపరు పూర్తిచేస్తాను వదినా. అన్న పేరే ముందుంటుంది. చివరి కొలతలు దాంట్లో తప్ప ఇంకెక్కడా లేవు."

అవి ఆయన జబ్బుతో మంచం పట్టాక తీసిన కొలతలు. ఒళ్ళో నల్లరాయి, చేతిలో భూతద్దం, అయస్కాంతం. కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద, భూమి లోపలి వేడికి అలా పలకరాయి అయిందట. అందులో మెరిసే గంధకపు ఖనిజం కూడా ఆ వేడికి కొంత గంధకం పోగొట్టుకుని, అయస్కాంతానికి అంటుకునే ఇంకో ఖనిజంగా మారిందట. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఊ కొట్టేదాన్ని.

"వింటున్నావా, టీచరమ్మా?"

"వింటున్నాను. మార్కులు చివర్లో వేస్తాను."

ఆయన పోయి ఆరు నెలలు.

ఆ రాయీ, నోట్‌బుక్కూ దాచిన బిస్కెట్ డబ్బా బీరువాలోంచి తెచ్చాను.

"ఇంత భద్రంగానా! మీరు మా ఆఫీసులో ఉండాల్సింది," అని నవ్వాడు. మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చెంచా కాడతో లేపాడు.

గుప్పున అగ్గిపుల్ల గీసిన వాసన. లోపల రాయి లేదు. బూడిదరంగు పొడి, పసుపుపచ్చ పొక్కులు, పీలికలైన తువ్వాలు. అడుగున నోట్‌బుక్కు. ఎత్తబోతే పేజీలు అప్పడాల్లా విరిగి రాలాయి.

అతని నవ్వు ఆగిపోయింది. "వదినా, దీనికి తడి తగిలిందా?"

"కడిగాను."

"కడిగారా?"

"దుమ్ముగా ఉందని. తువ్వాల్లో చుట్టి పెట్టాను."

"ఈ ఖనిజం తడికీ గాలికీ యాసిడ్ పుట్టిస్తుంది వదినా. మేం చుక్క నీళ్ళు తగలనివ్వం."

నిజానికి దుమ్ము కాదు. ఆయన వేళ్ళ జిడ్డు. అది చూడలేక కడిగాను. ఆయన చేతిరాత చూసే ధైర్యమూ లేక, నోట్‌బుక్కును బోర్లా పెట్టి దాని మీద ఆ రాయి పెట్టాను. ఒక్కసారి కూడా తెరవలేదు. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాయొద్దని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నదాన్ని.

అతను ఒక్కో ముక్కా తిరగేసి చూశాడు. ఒక్క అంకె కూడా దొరకలేదు. అడుగున ఉన్న ముందు అట్ట మాత్రం మందపాటి ప్లాస్టిక్ తొడుగు వల్ల మిగిలింది. దాని లోపలివైపు ఏదో చదివి, నా వైపు తిప్పాడు. ఆయన చేతిరాత.

"టీచరమ్మా, రాయిని కడగకు. నీ శుభ్రం నాకు తెలుసు. పొడిగా, విడిగా ఉంచు. నోట్‌బుక్కు తమ్ముడికివ్వు. ఏడుపొస్తే దూరంగా కూర్చుని ఏడువు. దానికి తడి పడదు."

పేపరు సంగతి అతను ఎత్తలేదు, నేను అడగలేదు. అట్టను అతనికివ్వబోయాను.

"అది మీకు రాసింది వదినా," అన్నాడు.

అట్టను బల్ల మీద పెట్టాను. గది అవతలి మూల ఉన్న కుర్చీ దాకా నడిచి, అక్కడ కూర్చున్నాను.