రెండు మెట్ల తెలుపు

తడి స్పాంజి చెంపకు తగిలితే ఎవరైనా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటారు.

బాలమణి మూసుకోలేదు.

అద్దంలోకే చూస్తూ కూర్చుంది... అందులో ఇంకెవరో కూర్చున్నట్టు.

బయట జూబ్లీ హిల్స్ రాళ్ళ మధ్య చెరకు తోట. లారీల్లో తెచ్చి మట్టిలో గుచ్చిన చెరకు. పొద్దున పచ్చగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఆకులు ఎండి గలగలమంటాయి. సినిమాలో అది సముద్రానికి ఆవలి దేశం. ఓడల్లో తీసుకుపోయిన మన కూలీలు, కొరడా పట్టుకున్న తెల్ల దొరలు. మనిషి రంగు చూసి మంచినీళ్ళు కూడా వేరుగా పెట్టిన కాలం.

నా పేరు జానకిరామయ్య. మేకప్ పని. మద్రాసులో పదిహేనేళ్ళు, ఇక్కడ పదిహేనేళ్ళు. రోజూ పెట్టెకు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంటే గానీ మూత తియ్యను.

బాలమణిది ఎర్రగడ్డ. ఇరవై ఏళ్ళుగా గుంపులో నిలబడే మనిషి. పెళ్ళి సీనులో వెనక వరస. సంత సీనులో నెత్తిన గంప. గుంపులో వాళ్ళకు మా కుర్చీ ఉండదు. ఆ రోజే మొదటిసారి కెమెరా ఆమె ముఖం దగ్గరికి వస్తుంది. ఆ రోజే మొదటిసారి నా కుర్చీలో కూర్చుంది.

మేకప్ వేసినట్టు తెలియకూడదన్నారు డైరెక్టరు గారు.

అలాగేనన్నాను.

మా పనిలో ఒక అలవాటు ఉంది. ముఖం ఏ రంగైనా కానీ, దానికి రెండు మెట్లు పైన తెలుపు కలుపుతాం. ఎవరూ చెప్పరు. చెయ్యి దానంతట అదే వెళుతుంది — గుడి ముందు నుంచి పోతుంటే గుండెల మీదికి వెళ్ళినట్టు.

ఆ రోజూ వెళ్ళింది. ప్రేమగానే వెళ్ళింది. ఇన్నాళ్ళకు కూర్చుంది కదా, కాస్త బాగా చేద్దామని.

"గిది నేనేనా అన్నా?" అంది అద్దంలోకి చూస్తూ.

సంతోషం అనుకున్నాను.

కథలో ఆమె ఒళ్ళో జ్వరంతో కాలిపోతున్న పాప. దొరల కుళాయి దగ్గర చెంబు నింపుకుంటుంది. దొర వేషం వేసినాయన ఆ చెంబు లాక్కుని నీళ్ళు పారబోస్తాడు. ఆమె దొర కాళ్ళ మీద పడి ఏడవాలి. కాగితం మీద అంతే ఉంది.

నీళ్ళు నేల మీద పడ్డాయి.

ఆమె కాళ్ళ మీద పడలేదు.

తడి మట్టి మీద అరచెయ్యి ఆనించింది. ఆ తడిని పాప పెదవులకు రాసింది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ రాసింది. తొందర లేదు... ఇల్లు అలికినంత నిదానం. తరవాత తలెత్తి దొరను చూసింది. చూస్తూనే ఆ మట్టి చెయ్యి తన చెంపకు రాసుకుంది.

అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు. ముఖం మాత్రం కదల్లేదు.

దొర వేషం ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు కాగితం మీద లేదు.

కట్ చెప్పడం మరిచిపోయారు డైరెక్టరు గారు. చెరకు ఆకుల చప్పుడు ఒక్కటే.

ఎక్కడి నుంచి వస్తుంది అది?

నేర్చుకుంటే వస్తుందా? పడ్డవాళ్ళకే వస్తుందా? ఏ కుళాయి దగ్గర, ఎవరు, ఎప్పుడు... అడగలేదు. అడగొచ్చో లేదో తెలియలేదు.

ముఖం రెండు రంగులుగా పడిందన్నాడు కెమెరామన్.

మట్టి రాసిన చోట, కన్నీళ్ళు జారిన చోట పూత పోయింది. కింద నుంచి ఆమె రంగు బయటికి వచ్చింది... నల్లగా, వాన వెలిశాక రాయి మెరిసినట్టు. చుట్టూ నా పూత, మాసిన సున్నంలా.

అసిస్టెంట్ డైరెక్టరు హనుమంతు పరుగున వచ్చాడు.

"ఏమ్మా, హీరోయిన్‌వి అనుకున్నావా? నల్లవాళ్ళ బాధ మీద సినిమా తీస్తుంటే పౌడరు కొట్టుకొచ్చావు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గేటు దగ్గర ఇంకా పదిమంది ఉన్నారని, ఈమెను మార్చేద్దామని చెబుతున్నాడు హనుమంతు.

ఆమె నా వైపు చూడలేదు.

అదే నాకు అర్థం కాలేదు. వేలు ఎత్తక్కర్లేదు. ఒక్క చూపు చాలు. చూడలేదు.

ఇరవై ఏళ్ళకు దొరికిన ఆమె వేషం నా నోటి మాట మీద ఉంది. ఆ మాట అంటే నా ముప్ఫై ఏళ్ళ పేరు పోతుంది.

మా ఇంట్లో నల్లరాతి వేణుగోపాలుడు ఉన్నాడు. రోజూ పొద్దున ఆయన ముఖం తుడిచి, ఆ నలుపు నిగనిగలాడేదాకా నూనె రాస్తాను. ఆయనకు రెండు మెట్లు తెలుపు కలపాలని ఎన్నడూ తోచలేదు.

ఎందుకు తోచలేదు?

"ఆమె రాసుకోలేదండీ," అన్నాను. "నా చెయ్యి."

డైరెక్టరు గారు నన్ను చూశారు. మళ్ళీ చెయ్యగలవా అని ఆమెను అడిగారు.

"మళ్ళ పారబోస్తరా సార్?"

పారబోస్తామన్నారు.

"అయితే చేస్త."

ముఖం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుంది. పెట్టె తెరిచాను. ఒక్కో డబ్బా మూత తీసి ఆమె చెంప పక్కన పెట్టి చూశాను. ఒకటి... ఇంకొకటి... అన్నీ చూశాను. ఆ రంగు లేదు. ముప్ఫై ఏళ్ళలో కొనాలని కూడా అనిపించలేదు.

"ఏం దేవులాడుతున్నవ్ అన్నా?"

"నీ రంగమ్మా."

"ఏసే ఉన్నది గదా," అంది.

లేచి వెళ్ళిపోయింది, చెరకులోకి, ఎండలోకి. చేతిలో స్పాంజితో నేను అక్కడే నిలబడ్డాను.

ఒకసారి అలా వచ్చిన నటన మళ్ళీ వస్తుందా? పిలిస్తే వచ్చేదేనా అది? రాకపోతే... ఆ మొదటిది పాడుచేసింది నేనే కదా.

దొర చెంబు ఎత్తాడు.

నీళ్ళు పడ్డాయి.

ఆమె అరచెయ్యి నేల మీదికి దిగుతోంది... ఈసారి ఇంకా నెమ్మదిగా...