ఎడమచేతి వంపు

"పెరుగు గట్టిగా తోడెట్టు. రేపు డాక్టర్ సాబ్ ముందు నా పరువు నీ పెరుగులో ఉంది."

గంగాభవాని నవ్వాపుకుంది. మొగుడు భీమారావు పరువుకు అంతకన్నా మంచి చోటు ఆమెకూ తోచలేదు.

అతను రాయపూర్ లోకోషెడ్డులో ఫిట్టరు. పుర్రెకు పెట్టిన చిన్న కంతలోంచి మెదడులోని గడ్డ దాకా పోయే సన్నటి పనిముట్టు కావాలని రైల్వే డాక్టరు సత్తిరాజు అడిగిన రోజు, తన నెత్తిలోనే కొత్తగా మెదడు మొలిచినట్టు మురిసిపోయాడు. మెదడు గడ్డపెరుగులా ఉంటుందని డాక్టరు చెప్పాడట. అప్పట్నుంచి కొబ్బరిచిప్పలో పెరుగు తోడుపెట్టి, నడుమ మిరియపు గింజ వేసి, పైన కన్నున్న చిప్ప బోర్లించడం గంగాభవాని వంతు. ఆ కన్నులోంచి పనిముట్టు దూర్చి పెరుగు చెదరకుండా గింజ తియ్యాలి. భీమారావు చేసినవన్నీ నిటారు కమ్మీలు. పట్టుకున్న చెయ్యే కన్నును మూసేసేది. రోజూ పెరుగును మజ్జిగ చేసి, తప్పంతా తోడుదేననేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె విరిగిన గొడుగు ఊచ తీసుకుంది. చెయ్యి పక్కకు తొలిగేలా మెడ వంచింది, కొనను చిన్న గరిటలా సాగగొట్టింది. గింజ పైకొచ్చింది, పెరుగు కదల్లేదు. ఆ సాయంత్రం మొగుడికి చూపిస్తే, ఆడదానికి ఇవన్నీ దేనికన్నాడు. ఆ వారంలోనే అదే వంపును ఉక్కులో చేసుకొచ్చి, స్నానం చేస్తుంటే తట్టిందన్నాడు. తన వేళ్లు మోటువని పరీక్ష మాత్రం ఆమె చేతే చేయించాడు. ఏ చేత్తో చేసిందో కూడా చూడలేదు. ఆమె ఎడమచెయ్యి ఆ ఇంట్లో చాటున పనిచేసేది. అది వడ్డనకు వస్తే లక్ష్మి నిలవదని అత్త వరహాలమ్మ కాపురానికొచ్చిన నాడే తిట్టి మాన్పించింది.

అనుకున్నట్టే మర్నాడు, ఆదివారం, డాక్టరు భోజనానికొచ్చాడు. భీమారావు స్నానం కథ మొదలుపెట్టాడు. డాక్టరు పనిముట్టు కుడిచేత్తో పట్టి చిప్ప మీద వంగాడు. చెయ్యి కన్నుకు అడ్డొచ్చింది. తిప్పి పడితే గరిట బోర్లాపడింది. ఎడమచేతికి మార్చాడు. గింజ వచ్చేసింది.

"నీది ఎడంచేతి వాటమా, భీమారావ్?"

"కాదు సాబ్."

"మరి ఇది ఎడంచేతికి చేసిందే."

భీమారావు గోడకేసి చూశాడు. కొడుకు మీద తప్పు పడుతోందనుకున్న వరహాలమ్మ గబగబా అందుకుంది. "మావోడిది కుడిసెయ్యే బాబూ. ఆ ఎడంసేతి రోగం మా కోడలికే. ఎన్ని తిట్టినా మానదు."

డాక్టరు గంగాభవాని వైపు తిరిగాడు. "అయితే నువ్వు చెప్పమ్మా. కుడిచేతికి ఎలా వంచాలి?"

"నేను సెప్తాను సాబ్" అన్నాడు భీమారావు. అతని మొహంలో సిగ్గు కూడా లేదు. ఆమెకు అసహ్యమేసింది.

వడ్డిస్తున్న పెరుగు గరిటె ఎడమచేతికి మార్చుకుంది. అత్త చూస్తుండగానే మొగుడి విస్తట్లో వేసింది.

"సెప్తాను బాబూ. ముందు ఇది ఎవరికి తట్టిందో ఈయన్ని సెప్పమనండి."