కోతమిల్లు ఆయన చెవి

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అనేవారు. ముందు గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది కాబట్టి ఆ పేరు వచ్చింది. తొమ్మిదేళ్ళ క్రితం విషజ్వరం వచ్చి రెండు చెవులూ పోతే, ఆపరేషన్ చేసి తల లోపల ఒక చిన్న యంత్రం, చెవి వెనక ఇంకొకటి పెట్టారు. "ఇప్పుడు నీకా పేరు రెండు రకాలుగా సరిపోయిందే. ఈ ఇంట్లో నా మాట ఎటూ ఎవరూ వినరు, నీకైతే ఒక సాకు కూడా దొరికింది" అని లారీ నడిపే భర్త ఆమెను నవ్వించాడు.

చెవి వెనక మిషన్ చిక్కుడు గింజకన్నా కాస్త పెద్దదిగా ఉండేది. అది బయటి శబ్దాలను పట్టి లోపలికి పంపుతుంది. ఏ శబ్దాన్ని ఎంత గట్టిగా పంపాలన్న అమరికను ఆసుపత్రిలో కంప్యూటరుకు తగిలించి, ఏడాదికోసారి సరిచేసేవారు. ఆ ఏడాది వెళ్ళేసరికి బల్ల మీద పాత కంప్యూటరు లేదు. అది ఉన్నంత మేర గోడకు రంగు వెలిసిపోలేదు, అంతే.

వినికిడి పరీక్షలు చేసే అమ్మాయి ఆమెకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పింది. "ఆ కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంది చూడండి, దాన్ని తయారుచేసినవాళ్ళు ఇక మీదట దాన్ని పట్టించుకోబోమని చెప్పేశారక్కా. అందుకని ఆసుపత్రిలో పాతవన్నీ తీసేశారు. మీ మిషన్‌ని సరిచేసే ప్రోగ్రాము వాటి మీదే నడిచేది. కొత్తవాటి మీద నడవదు."

"నా మిషన్ బానే ఉందిగా?"

"ఇవాళ బాగుంది. రేపు తేడా చేస్తే మేమేం చెయ్యలేం. చెవి వెనకది కొత్తది తీసుకోండి. పాతది ఇచ్చేస్తే ఊరికే ఇస్తున్నారు."

ఊరికే వచ్చేదాన్ని వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. తొమ్మిదేళ్ళు తన చెవి వెనక వెచ్చగా ఉన్నదాన్ని ఒక ప్లాస్టిక్ కవరులో వేసి, అంటించి, పైన నంబరు రాసి తీసుకెళ్ళిపోయారు.

కొత్తది మొదటి రెండు రోజులూ బాగానే ఉంది. మాటలు కడిగిపెట్టినట్టు స్పష్టంగా వినిపించాయి. మూడోనాడు గుండీల కొట్టు దగ్గర నిలబడి ఉండగా ఆమెకు ఒళ్ళు జలదరించింది. కొట్టువాడి గొంతూ, పక్కన ముసలమ్మ గొంతూ, పొద్దున్న గలగలా మాట్లాడి కాలేజీకి వెళ్ళిన కూతురు చిట్టి గొంతూ ఒక్కటే. అది ఆడగొంతు కాదు, మగగొంతూ కాదు. దానికి తొందర లేదు, విసుగు లేదు. ఎవరు నోరు తెరిచినా లోపల కూర్చున్న ఒకే మనిషి మర్యాదగా ఆ మాటలు చదివి పెడుతున్నట్టు ఉంది. ఆ శనివారం భర్త లారీ దిగి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ "ఏమే, చిక్కిపోయావేం?" అన్నాడు. టీవీలో వార్తలు చదివిన గొంతే అది. ఆమె అతని పెదాల వంక చూస్తూ ఉండిపోయింది. "నాకేం, బానే ఉన్నా" అని తను అన్న మాట కూడా ఆ గొంతుతోనే తిరిగి తన చెవిన పడింది.

తర్వాత ఫ్యాను మాట్లాడడం మొదలుపెట్టింది.

ఫ్యాను వేసిన కాసేపటికి ఆ గొంతు "ఉన్నారా?" అనేది. ఆమె లేచి వీధి తలుపు తీసి చూసేది. ఎవరూ ఉండేవారు కాదు. కుళాయి తిప్పితే "కాదు కాదు కాదు" అనేది. కుట్టు మిషన్ తొక్కుతుంటే ఏదో పేరు పిలిచినట్టుండేది, తొక్కడం ఆపితే ఆగిపోయేది. ఆసుపత్రి అమ్మాయికి ఫోన్ చేయిస్తే, "కొత్తది ప్రతి శబ్దంలోనూ మనిషి మాట ఉందేమోనని వెతుకుతుందండి. మీ తల లోపలిది పాతది కదా, రెండింటికీ పూర్తిగా పొసగడం లేదు. లేనిచోట కూడా మాట ఉందనుకుంటోంది. అలవాటైపోతుంది" అంది.

ఆమె అలవాటు చేసుకుంది. గొంతు వినిపిస్తే ముందు మనిషి కోసం చూడడం, కనబడకపోతే పట్టించుకోకపోవడం. పదిహేను రోజులకు ఎంత బాగా అలవాటైందంటే, తల కూడా ఎత్తేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కాలర్లు కుడుతుంటే "అమ్మా" అని వినిపించింది. ఆమె కుట్టు ఆపింది. "అమ్మా, రా." గదిలో ఎవరూ లేరు. లేచి ఫ్యాను ఆపింది. "అమ్మా, లేవలేకపోతున్నా." అదే మర్యాద, అదే నిదానం. వంటింట్లో కుళాయి కారుతోందేమోనని చూసి వచ్చింది. "అమ్మా, నీకు దణ్ణం పెడతా." ఈసారి ఆమెకు భయం వేసింది. చెవి వెనక మిషన్ తీసి బల్ల మీద పెట్టేసింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో హాయిగా ఇంకో ఆరు కాలర్లు కుట్టింది.

చిట్టి స్నానాలగదిలో జారిపడి ముప్పావుగంట అలాగే ఉంది. చీలమండ విరిగింది. తువ్వాలు కోసం అటు వెళ్ళిన తల్లి చూసేసరికి పిల్ల పెదాలు తెల్లబడిపోయి ఉన్నాయి, ఇంకా కదులుతూనే ఉన్నాయి.

కాలికి కట్టు వేయించిన మర్నాడు, మిషనక్క తిన్నగా వినికిడి విభాగానికి వెళ్ళి కొత్త మిషన్‌ను బల్ల మీద పెట్టింది. "నాది నాకిచ్చెయ్యండి" అంది. పాతవి తిరిగి కంపెనీకి వెళ్ళిపోయాయనీ, వాటిని ముక్కలు చేసేస్తారనీ ఆ అమ్మాయి కాగితం మీద రాసి చూపించింది. తర్వాత అటూ ఇటూ చూసి, కాగితం తిరగేసి ఒక చిరునామా రాసింది. ఇదే గదిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మాస్టారిది.

మాస్టారి ముందు గదిలో పాత కంప్యూటరు ఒకటి దుప్పటి కప్పుకుని ఉంది. దాని వెనక నుంచి వచ్చే ఇంటర్నెట్ తీగను ఎవరో కత్తెరతో కత్తిరించారు. "నేనే కత్తిరించా. బయటి గాలి తగిలిందా, అప్‌డేట్ అంటుంది, తర్వాత లేవనంటుంది. దీన్ని మడి కట్టుకున్నట్టు కాపాడుతున్నా" అన్నాడాయన. కాలి కట్టుతోనే తోడుగా వచ్చిన చిట్టి ఆ మాటలు రాసి చూపించింది.

ఆయన సొరుగు లాగాడు. దూదిలో పెట్టిన పాత మిషన్లు నాలుగున్నాయి.

"ఎవరివి సార్ ఇవి?"

"వాడినవాళ్ళవి."

"వాళ్ళకి అక్కర్లేదా?"

ఆయన ఒకదాన్ని తీసి కంప్యూటరుకు తగిలించి చూశాడు. అచ్చం ఆమెదాని లాంటిదే. లోపల దాన్ని వాడిన మనిషి అమరిక అలాగే ఉంది. కోతమిల్లులో దుంగలు కోసే ఆయనది. పదిహేనేళ్ళు వాడి, పోయిన చలికాలంలో చనిపోయాడు. ఆ అమరికను చెరిపి మిషనక్కకు తగ్గట్టు రాయాలంటే తయారుచేసినవాళ్ళ అనుమతి కావాలి. ఆ అనుమతి వాళ్ళ కంప్యూటరు నుంచి రావాలి. దాన్ని వాళ్ళు మూసేశారు. "చదవనిస్తుంది, రాయనివ్వదు. పెట్టుకుంటే ఆయన విన్నట్టే వినాలమ్మా. పెట్టుకోనంటే నేనేమీ అనుకోను."

ఆమె జుట్టు పక్కకు తీసి తల వంచింది. ఆయన శబ్దం బాగా తగ్గించి తగిలించి, కొద్దికొద్దిగా పెంచాడు.

ముందు ఒక దగ్గు వినిపించింది. కఫం ఉన్న ముసలి దగ్గు, మాస్టారిది, ఆయనొక్కడిదే. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. బయట ఏదో బండి వెళ్ళింది, అది బండిలాగే ఉంది. గోడ గడియారం ముల్లు మాత్రం కదులుతోంది గానీ చప్పుడు లేదు. రంపం కీచుమనే చోట ఆయన ఉండేవాడు కాబట్టి సన్నటి శబ్దాలన్నీ తగ్గించేశామన్నాడు మాస్టారు.

"అమ్మా, నా మాట వినిపిస్తోందా?" అంది చిట్టి. సన్నటి గొంతు పిల్లది. నాలుగు గోడల అవతల నుంచి వచ్చినట్టుంది. అయినా అది చిట్టి గొంతే. "వినిపిస్తోంది తల్లీ" అంది మిషనక్క. వచ్చేముందు మాస్టారు ఒక్క మాట అడిగాడు: "ఇది ఎవరికిచ్చినా చెప్పమని ఆయన భార్య అడిగింది. చెప్పనా?"

"చెప్పండి, పాపం."

నాలుగో రోజు మధ్యాహ్నం మిషనక్క వీధి తలుపుకు వీపు పెట్టి కుడుతోంది. "ఎవరైనా ఉన్నారా అండీ?" అని వినిపించింది. ఆమె చేతిలో గుడ్డ జారిపోయింది. చెవులు పోకముందు కూడా ఏ గొంతూ ఆమెకు అంత దగ్గరగా వినిపించలేదు. ప్రతి అక్షరం, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరితో సహా, తల లోపలే పుట్టినట్టుంది.

గుమ్మంలో ఒక పెద్దావిడ దిండు గలీబులు పట్టుకుని నిలబడి ఉంది. "కుట్లు ఊడిపోయాయి, వేసిపెడతారేమోనని" అంది. చూపు మాత్రం మిషనక్క చెవి వెనకే ఉంది.

"కూర్చోండి పిన్నిగారూ" అని పీట వేసింది మిషనక్క.

"ఆయనకి ఇది సరిచేసినప్పుడల్లా నేనే ఎదురుగా కూర్చునేదాన్ని. మాస్టారు ఒక కాగితం ఇచ్చేవారు. నేను చదవాలి, ఆయన తిరిగి చెప్పాలి. నా మాట పొల్లుపోకుండా అందేవరకూ తిప్పుతూనే ఉండేవారు. ఏడాదికోసారి, పదిహేనేళ్ళు." ఆవిడ పీట ముందుకు జరుపుకుంది. "ఒక్క మాట చెప్పుకోనా? మీతో కాదు."

మిషనక్క తల ఊపింది. పెద్దావిడ ముందుకు వంగి ఆ చెవి వైపు చూస్తూ అంది: "ఏమండీ, మిల్లు అమ్మేశారు. మీ సైకిలు మాత్రం నేనివ్వలేదు."

"ఊఁ" అంది మిషనక్క. అనాలని అనుకోలేదు. ఆ మాటకు లోపలి నుంచి అదే వచ్చింది. పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటినుంచి ఆవిడ మంగళవారం, శుక్రవారం వచ్చేది. ప్రతిసారీ ఏదో ఒక గలీబు, ఏదో ఒక సంచి తెచ్చేది. బ్లేడుతో తానే విప్పి తెచ్చిందని కుట్టు చూస్తే తెలిసిపోయేది. మిషనక్క ఆవిడ చెప్పేది వింటూ, మధ్యలో "ఊఁ" అంటూ, విప్పిన చోటే మళ్ళీ కుట్టేది. ఆవిడ రాని రోజుల్లో ఇంట్లో ఏదో వెలితిగా ఉండేది. అది తన వెలితో, తన చెవి వెనక ఉన్నదాని వెలితో ఆమెకు తెలిసేది కాదు.

చిట్టికి ఇది గిట్టలేదు. "నేను గొంతు చించుకున్నా మూడుసార్లు అడుగుతావు. ఆవిడ గుసగుసలాడినా వింటావు. నీ కడుపున పుట్టింది నేనా, ఆవిడా?" అని ఏడ్చింది. కట్టు విప్పేవరకూ కాలేజీ లేదు కాబట్టి రోజంతా ఇంట్లోనే ఉండేది. కొన్నాళ్ళకు ఏడుపు మానేసి, పెద్దావిడ వచ్చినప్పుడల్లా తనూ పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఆవిడ నోటి వంకే చూసేది. మాట ఎక్కడ దించుతుంది, ఎక్కడ సాగదీస్తుంది, ఎక్కడ ఆగుతుంది, అన్నీ పట్టుకుంది. గొంతు తగ్గించి, ఛాతీలోంచి మాట్లాడడం నేర్చుకుంది. మొదట్లో నవ్వొచ్చేది. వారం వారం తల్లికి మరింత బాగా వినిపించసాగింది. ఒకసారి "అన్నం పెట్టనా అమ్మా" అంటే, తిరిగి అడక్కుండా "పెట్టు" అంది మిషనక్క. తల్లీకూతుళ్ళిద్దరూ పండగ చేసుకున్నట్టు నవ్వుకున్నారు.

భర్త ఫోన్ చేసినప్పుడు చిట్టే ఎత్తింది. "ఎవరండీ మీరు? మా అమ్మాయి లేదా?" అన్నాడట. చిట్టి అది జోకులా చెప్పింది.

ఒక శుక్రవారం పెద్దావిడ వచ్చి పీట మీద కూర్చోబోతుంటే, వంటింట్లోంచి చిట్టి "అమ్మా, పిన్నిగారికి మంచినీళ్ళు తెస్తున్నా" అంది. పెద్దావిడ కూర్చోలేదు. అలాగే నిలబడి వంటింటి వైపు చూసింది. "నేను చిన్నప్పుడు ఇలాగే ఉండేదాన్ని" అంది. తెచ్చిన గలీబు మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇక నేను రానక్కర్లేదమ్మా. ఇంట్లోనే ఉన్నానుగా." మిషనక్క చెయ్యి పట్టుకుని ఆపబోయింది. ఆవిడ నవ్వి, చెయ్యి విడిపించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

చిట్టి కాలు బాగుపడి కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టాక, ఒక సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్ళు ఆమెను గుమ్మం దాకా దిగబెట్టారు. మిషనక్క కిటికీలోంచి చూసింది. ఆ ఇద్దరి పెదాలూ కదులుతున్నాయి, మాట అందడం లేదు. చిట్టి మాట మాత్రం పొల్లుపోకుండా లోపలికి వస్తోంది, మెల్లగా, చివర సాగదీస్తూ. ఆ పిల్లలు చిట్టి వంక వింతగా చూసి, ఒకరినొకరు చూసుకుని వెళ్ళిపోయారు.

చిట్టి లోపలికి రాగానే మిషనక్క అడిగింది. "ఒక్కసారి నీ మామూలు గొంతుతో మాట్లాడవే."

"ఏ గొంతు?"

"నీది. ముందు ఉండేది."

చిట్టి పుస్తకాలు బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని, నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. వేళ్ళతో గొంతు తడుముకుంది.

"ఇదేగా అమ్మా నాది" అంది, తల లోపలే పుట్టినట్టు.

అది అబద్ధమో నిజమో చెప్పగల చెవి ఆ ఇంట్లో లేదు. మిషనక్క చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది, కాసేపు అక్కడే ఉంది. మిషన్ తీయలేదు.

"ఆకలేస్తోందా?" అని అడిగింది.

"ఊఁ" అంది చిట్టి.