సారవ్వ వేయించిన ప్రకటన

"నీకు డ్యూటీనా, షిఫ్టా? ఇంట్లనే ఉంటవు గద. రేపట్నుంచి పోయి గా పాత పేపర్లు జర దేవులాడు" అన్నాడు భూపాల్.

ఆ మాట అన్నప్పుడు నేను అతని బనియన్ల మీది బొగ్గు మరకల్ని బండకేసి రుద్దుతున్నాను. తెల్లవారకముందే లేచి టిఫిన్ కట్టి అతన్ని ఫస్టు షిఫ్టుకు పంపాను. ఆ తర్వాత మామకు షుగర్ మాత్రలు, అవ్వకు జావ, మా బిడ్డ హర్షిణికి కాలేజీ డబ్బా. అతను డ్యూటీ దిగి వచ్చేసరికి వేడి నీళ్లు, వేడి అన్నం. నైట్ షిఫ్టు పడిన వారమైతే పగలు అతని నిద్ర చెడకుండా కుక్కర్ విజిల్ కూడా రానివ్వను. ఇవేవీ డ్యూటీ కాదు. తోటి పనివాళ్లు ఇంటికొస్తే "మా జమునకేంది, రాణి. హాజరు లేదు, మస్టర్ లేదు" అని నవ్వుతాడు. నేనూ నవ్వుతూ వాళ్ల ముందు చాయ్ గ్లాసులు పెడతాను. పెళ్లికి ముందు డిగ్రీ చదివి ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. హర్షిణి కడుపులో పడ్డాక "ఇగ చాలు తియ్" అన్నారు. ఎవరికి చాలో నేను అడగలేదు.

పాత పేపర్ల పని పెట్టింది మా బావ జైపాల్, నా భర్తకు అన్న. నస్పూర్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. గృహప్రవేశం నాటికి హాల్లో గోడంత వంశవృక్షం పెట్టాలని ఆయన ముచ్చట. పైన తాత గట్టయ్య, కింద మా మామ నర్సింగం, ఆ కింద జైపాల్, భూపాల్, ఆ కింద బావ కొడుకులు. ఫోన్లో పంపిన నమూనాలో హర్షిణి ఎక్కడా లేదు. "బిడ్డలనెక్కియ్యరు జమునా, రేపు ఇంకొకలింటికి పోయేటోళ్లు" అన్నాడు బావ. నేనూ లేను, తోటికోడలూ లేదు. వెనక వరండాలో కూర్చుని తోటకూర తెంపుతున్న సారవ్వ, గట్టయ్య భార్య, మా మామ తల్లి, ఆమె కూడా లేదు.

గట్టయ్య కథ ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పల్లె నుంచి వచ్చి బాయిలో, అంటే బొగ్గు గనిలో చేరాడు. పంతొమ్మిది వందల డెబ్బై ఐదులో పైకప్పు కూలి లోపలే ప్రాణం విడిచాడు. ఆయన చెమట మీదే ఈ కుటుంబం నిలబడింది. ఆ చావు కబురు అప్పటి పేపర్లో వచ్చే ఉంటుందని, దాన్ని వెతికి తెస్తే పటం కింద పెట్టిస్తానని బావ అన్నాడు. మామ మాత్రం "ఎప్పటి ముచ్చటనో, ఇప్పుడెందుకురా" అని గొణిగి లోపలికి వెళ్లిపోయాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మా గోదావరిఖనిలో ఆ రోజుల్లో అలీముద్దీన్ సాబ్ అనే ఆయన ఒక వారపత్రిక నడిపేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ ప్రెస్సులో ఇప్పుడు ఆయన కూతురు షాహీదక్క పెళ్లికార్డులూ ఫ్లెక్సీలూ కొడుతోంది. పాత సంచికలన్నీ మేడ మీది గదిలో గుడ్డమూటల్లో ఉన్నాయి.

"మా అబ్బా పాణం పోయేటప్పుడు గివ్వి మాత్రం అమ్ముకోకు బేటీ అన్నడు. సూడు, నీకెంత సేపు కావాల్నంటే అంత సేపు కూసో" అంది షాహీదక్క, ఫ్యాన్ నా వైపు తిప్పుతూ.

ఎంతసేపు కావాలంటే అంతసేపు. ఆ మాట నాతో ఎవరన్నా అని ఎన్నేళ్లయింది? రామగుండం ఎండ కిటికీ రేకును కాలుస్తోంది. కాగితాలు ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి. అయినా ఆ గదిలో నన్ను పిలిచేవాళ్లు లేరు. బాయిల కబుర్లు, సమ్మెలు, సినిమా బొమ్మలు, ఎద్దు తప్పిపోయిందని ఒకరు, పేరు మార్చుకున్నానని ఇంకొకరు, కొడుకు పుట్టాడని బజారు సేటు. చదువుతుంటే నేను పుట్టకముందటి ఊరంతా నా ముందు తిరగసాగింది. చాలా రోజులకు నా మెదడు నా చేతుల కంటే ముందు నడుస్తోందనిపించింది. వంట తొందరగా ముగించి, ఎండలో నడిచి, రోజూ వెళ్లాను.

డెబ్బై ఐదో సంవత్సరపు సంచికలన్నీ చూశాను. బాయిల్లో పోయినవాళ్ల పేర్లు ఉన్నాయి, గట్టయ్య పేరు లేదు. సంవత్సరం పొరపాటేమోనని మరుసటి ఏడాది మూట విప్పాను. ఎండాకాలపు సంచికలో ఆఖరి పేజీలో ఆ పేరు కనిపించింది.

"ప్రకటన. నా భార్య సారవ్వ నా మాట వినక, తన ఇష్టము వచ్చినట్లు ప్రవర్తించి ఇల్లు విడిచి వెళ్లినది. నేటి నుండి ఆమెకును నాకును ఎట్టి సంబంధము లేదు. ఆమె చేయు అప్పులకు నేను బాధ్యుడను కాను. నా గుడిసెను అమ్మదలచితిని, కావలసినవారు నన్ను కలువగలరు. ఇట్లు, గట్టయ్య, బాయి కార్మికుడు."

మళ్లీ చదివాను. చచ్చిపోయాడన్న మనిషి మరుసటి ఏడాది పేపర్లో పెళ్లాన్ని వదిలేస్తున్నానని చాటుతున్నాడు. పైకప్పు కూలలేదు. మనిషి బతికే ఉన్నాడు. మామ ఎందుకు గొణిగాడో అప్పుడర్థమైంది.

ఫోన్లో తీసుకున్న ఫొటోను ఆ సాయంత్రం భూపాల్‌కు చూపించాను. తాత మీద కోపమొస్తుందనుకున్నాను. కానీ అతను వెనక వరండా వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇల్లిడిసిపెట్టి పోయిందా ముసల్ది? గందుకేనా మా నాయిన నోరిప్పకపోయేది. ఇన్నేండ్లు ఆమె ఇజ్జత్ దాసిపెట్టిండన్నట్టు."

"తాత బాయిల సచ్చిపోలే. అది కనబడతలేదా మీకు?"

"సచ్చిపోకుంటే ఏంది? ఆడిది సక్కగుంటే మొగోడు పేపర్ల ఎందుకేపిస్తడు?"

ఎంత సులువుగా అన్నాడు! పేపర్లో మగవాడి మాట ఉంది, అది చాలు. నలభై ఏళ్లుగా రోజూ కళ్ల ముందు కనిపించే మనిషి కంటే ఆ నాలుగు వాక్యాలే అతనికి నిజమయ్యాయి. అతనికి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన నాయనమ్మ. తన వంతు మాంసం ముక్కను అతని పళ్లెంలో వేసే నాయనమ్మ. రేపు నేను పోయాక నా గురించి ఎవరైనా నాలుగు వాక్యాలు రాసిపెడితే, ఇతను వాటినే నమ్ముతాడు కదా అనిపించింది.

అన్నదమ్ములు ఫోన్లో మాట్లాడుకున్నారు. కబురు నాకు చేరింది. పేపర్ ముచ్చట ఎవరికీ చెప్పొద్దు. తాత బాయిల పోయిండనే ఉండాలె. ముసలామెను నస్పూర్ తేవొద్దు, నలుగురిలో ఎవరన్నా పాత ముచ్చట తీస్తే పరువు పోతది. "పక్కింటోళ్లకు జెప్పి రా, ఒక్క పూట సూస్కుంటరు" అన్నాడు భూపాల్.

సారవ్వకు మాత్రం గృహప్రవేశమని తెలుసు. పెట్టెలోంచి అంచు చీర తీసి ఎండకు వేసుకుంది. ఆ మధ్యాహ్నం ఆమె తలకు నూనె రాస్తుంటే నడినెత్తిన నా వేళ్లు ఆగాయి. అక్కడ అరచేయంత మేర వెంట్రుకలు లేవు. ఎన్నోసార్లు చూశాను, ఎన్నడూ అడగలేదు.

"ఇదేందవ్వా?"

"తట్టలు మోసిన జాగ బిడ్డా. బండ్లకు బొగ్గెత్తేటోళ్లం గద."

ఇల్లు విడిచి, ఇష్టం వచ్చినట్లు ప్రవర్తించిన మనిషి నెత్తి ఇలా ఉంటుందా? చేతులకు నూనె తుడుచుకుని, చీర మార్చుకుని మళ్లీ ప్రెస్సుకు నడిచాను. ఈసారి ఎవరూ పంపలేదు.

షాహీదక్కకు అంతా చెప్పాను. ఆమె కింద పని ఆపి నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఆ ఎండాకాలపు సంచికల్ని ఒక్కో పేజీ తిప్పాం. వానాకాలం మొదలయ్యే సంచికలో షాహీదక్క వేలు ఒకచోట ఆగింది. "జమునా, గిటు సూడు."

"ప్రజలకు తెలియజేయునది. నా భర్త గట్టయ్య వేయించిన ప్రకటన అబద్ధము. నేను ఇల్లు విడువలేదు. ఇల్లు విడిచి కాసిపేటలో వేరొక ఆమెతో ఉన్నది అతడే. గుడిసె నేను బొగ్గు తట్టలు మోసి కట్టుకొన్నది, దానిని అతని వద్ద ఎవరును కొనరాదు. నా కొడుకు నర్సింగం నా వద్దనే ఉన్నాడు, నా వద్దనే చదువును. ఇకమీదట వాని తండ్రి పేరు అడిగిన చోట నా పేరు రాయవలెను. ఇట్లు, సారవ్వ, బొగ్గు కూలీ. వేలిముద్ర."

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. షాహీదక్క ముక్కు చీదుకుంటూ నవ్వింది. "మా అబ్బా ఏసిండు సూడు గిది. శాబాష్ అబ్బా!" మేడ మీది ఆ ఇరుకు గదిలో మేమిద్దరం ఒకరి చేతులొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వాం, ఏడ్చాం.

ఇంటికొచ్చి వరండాలో అవ్వ పక్కన కూర్చుని చదివి వినిపించాను. తోటకూర కాడ ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"ఇంక ఉన్నదా గా కాయితం?" అంది.

"ఉన్నదవ్వా. ఎట్ల ఏపిచ్చినవ్?"

"అలీముద్దీన్ సాబ్ కాడికి పోయిన. ఆడోళ్లు గిట్ల ఎవ్వలేపియ్యలేదక్కా అన్నడు. మొగోళ్లయి ఏస్తున్నవ్ గద, నాదెందుకెయ్యవ్ అన్న. జరసేపు నా మొకం జూసి, చెప్పక్కా రాస్త అన్నడు. నేను చెప్పినట్టే రాసిండు, ఒక్క మాట మార్చలే."

"మరి తాత బాయిల సచ్చిపోయిండని..."

"నర్సింగానికి పిల్లనడగవోతే, తండ్రేడి అన్నరు. ఇడిసిపెట్టి పోయిండంటే తప్పు నాదే అంటరని వాడు బయపడ్డడు. బాయిల సచ్చిపోయిండన్నడు. కొడుకు పెండ్లాయె, నేనూకున్న. గప్పట్నుంచి మీ అందరికి గదే నిజమాయె. నన్నెవ్వలడగలే బిడ్డా."

ఆ చివరి మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పి, మళ్లీ ఆకు తెంపసాగింది. తెంపుతూనే, "నా పేరున్న కాడ ఇంకోపాలి సదువు" అంది.

రెండు ప్రకటనలకూ షాహీదక్క తీసిచ్చిన నకళ్లలో ఒక కాగితాన్ని మామకు ఇచ్చాను. మంచం మీద కూర్చుని చదివాడు.  మడిచి అంగీ జేబులో పెట్టుకుని, మర్నాడు భూపాల్‌తో కలిసి ఏర్పాట్లు చూడటానికి కారులో నస్పూర్ వెళ్లిపోయాడు. ఆయన కూడా వదిలేశాడనే అనుకున్నాను.

గృహప్రవేశం రోజు పొద్దున్నే అవ్వకు అంచు చీర కట్టాను. హర్షిణి ఆమె తల దువ్వి ముడి వేసింది. ముగ్గురం ఆటోలో గోదావరి దాటాం. వంతెన మీద గాలికి అవ్వ కొంగు ఎగురుతుంటే పట్టుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.  వద్దన్న పనిని కావాలని చేయడం పెళ్లయ్యాక నాకదే మొదలు.

మమ్మల్ని చూడగానే జైపాల్ బావ షామియానా కింది నుంచి గబగబా వచ్చాడు. "ఈమెనెందుకు తీస్కచ్చినవ్? చెప్పిన గద!" వెనకే భూపాల్. "నీకు బుద్ధుందా జమునా? జల్ది ఆటో ఎక్కియ్యి."

చుట్టాలు తలలు తిప్పి చూస్తున్నారు. ఇదివరకైతే ఆ చూపులకే నేను చచ్చిపోయేదాన్ని.

"పరువు పోతదని కద బావా మీ ఫికర్. పోతదో, వస్తదో అందరు ఇననియ్యుండ్రి" అన్నాను. బ్యాగులోంచి కాగితం తీసి, బడిలో పాఠం చెప్పినప్పటి గొంతుతో చదివాను. మొదట అతని ప్రకటన, తర్వాత ఆమె ప్రకటన. ఆ గొంతు ఇంకా నాలో ఉందని నాకే తెలియదు. షామియానా చివర వంటవాళ్లకు కూడా వినిపించింది.  మా తోటికోడలు పీటల మీద నుంచి లేచి వచ్చి అవ్వ కాళ్లు మొక్కింది. ఆ వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు.

బావ మొహం ఎర్రబడింది. "ముహూర్తం దాటిపోతంది, తర్వాత మాట్లాడుకుందాం" అని పెళ్లాన్ని పిలిచి పీటల మీద కూర్చున్నాడు. అయ్యగారు సంకల్పానికి వివరాలు అడగసాగాడు. గోత్రం, యజమాని పేరు, తండ్రి పేరు. నర్సింగం అని చెప్పారు.

"తాతగారి పేరు?"

"గట్ట..." అని బావ అనబోయాడు.

"ఆగు" అన్నాడు మామ. గుమ్మం పక్కన ఒక్కడే నిలబడి ఉన్నవాడు ముందుకొచ్చాడు. జేబులోని కాగితాన్ని పిడికిట్లో పట్టుకున్నాడు. "అయ్యగారూ, నా తండ్రి పేరు నన్నడుగుండ్రి."

"చెప్పండి."

"సారవ్వ."

"తల్లి పేరు కాదండీ. తండ్రి పేరు."

"తండ్రి పేరే చెప్తున్న. సారవ్వ. మీరు గట్లనే సదువుండ్రి."

అయ్యగారు అందరి మొహాలూ చూశాడు. చివరికి అవ్వ వైపు చూసి, అలాగే చదివాడు. ఆ మంత్రాల మధ్య ఆ పేరు గట్టిగా, స్పష్టంగా వినిపించింది. మామ వెళ్లి తల్లి చేయి పట్టుకుని "నడువవ్వా" అన్నాడు. అవ్వ ఇంకో చేత్తో నా చేయి పట్టుకుంది. కొత్త ఇంట్లోకి మొట్టమొదట అడుగుపెట్టింది ఆమే. లోపలికి వెళ్లి నలుదిక్కులా చూసి, "సిమెంటు మంచిగేసిన్రు" అంది. ఆడవాళ్లంతా ఫక్కున నవ్వారు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో భూపాల్ కారు నడిపాడు, పక్క సీట్లో మామ. వెనక సీట్లో అవ్వ హర్షిణి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. షాహీదక్క ఫోన్ చేసింది. జరిగిందంతా విని చప్పట్లు కొట్టింది. తర్వాత అంది, "జమునా, గా మూటలన్ని ఒక వరుసల పెట్టి, ఎవ్వల పేరు ఏడున్నదో రాసేటోళ్లు కావాలె నాకు. మస్తుమంది వచ్చి అడుగుతున్నరు. జీతం ఇస్త. నీలెక్క సదివేటోళ్లు నాకు దొరకరు. ఇంట్ల అడిగి చెప్పు."

భూపాల్ చెవులు ఇటే ఉన్నాయని నాకు తెలుసు. ముందు అద్దంలో అతని కళ్లు నా వైపు తిరిగాయి.

"అడుగుడేం లేదక్కా" అన్నాను. "సోమారం నుంచి వస్తున్న. ఇంట్ల ఇప్పుడే చెప్పిన."