ఎవరూ తీసుకెళ్లని కోటు

లాండ్రీ నడిపేవాళ్లు ఊరందరి బట్టలూ ఉతుకుతారు, ఇస్త్రీ చేస్తారు, జేబుల్లో మరిచిపోయిన తాళాలు దాచి తిరిగిస్తారు. ఒక్క పని మాత్రం చేయరు. కస్టమరు బట్టను ఒంటిమీద వేసుకోరు. ఆమె కోడలిగా ఆ షాపులో అడుగుపెట్టిన రోజే మామయ్య ఈ సంగతి చెప్పాడు. "మనిషి రాకపోయినా బట్ట మనది కాదమ్మా" అన్నాడు, వెనక గోడకున్న ఇనప కమ్మీ చూపించి. కమ్మీ నిండా ఎవరూ తీసుకెళ్లని బట్టలే. చిట్టచివర బూడిదరంగు కోటు ఒకటి వేలాడుతుండేది. వానలు మొదలయ్యే ముందు మామయ్య దాన్ని బ్రష్షుతో దులిపి మళ్లీ అక్కడే తగిలించేవాడు. ఎవరిదని అడిగితే మాట మార్చేవాడు.

మామయ్య పోయాక షాపు కొడుకు చేతికొచ్చింది. కొడుకంటే ఆమె మొగుడే. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటినుంచీ ఆమెకు బావ. నోరు తక్కువ, పని ఎక్కువ మనిషి. ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో చూడటానికి చూపుడువేలు నాలిక మీద తడిపి దాని అడుగున టక్కున తాకించేవాడు. చుయ్యిమనేది. "ఏదో ఒకరోజు ఆ వేలు ఊడిపోతుంది బావా" అనేది ఆమె. "ఊడితే ఇంకో చేతికి ఇంకోటుందిలేవే" అనేవాడు అతను. రోజూ ఈ ముక్క అనుకుంటేగానీ వాళ్లకు షాపు తెరిచినట్టుండేది కాదు.

అలాంటివాడు పార్లమెంటుకు నిలబడ్డాడు!

కారణం నీళ్లు. కుళాయిల్లో తుప్పునీళ్లు రావడం మొదలై, ఉతికిన తెల్లచొక్కాలు టీలో ముంచి తీసినట్టుండేవి. కస్టమర్లు వీళ్లనే నానా మాటలూ అనేవాళ్లు. అప్పటికున్న సభ్యుడికి మొరపెట్టుకుంటే గోడకు చెప్పుకున్నట్టే అయింది. బజారులో షాపులవాళ్లంతా కూడబలుక్కుని వచ్చి "నువ్వు నిలబడు, వెనక మేమున్నాం" అన్నారు. వెనక ఉంటామన్నవాళ్లేగానీ ముందు నిలబడతామన్నవాడు ఒక్కడూ లేడు. బావ మొహమాటస్తుడు, సరేనన్నాడు.

మొదటి సభలో మైకు ముందు నిలబడి "నీళ్లు..." అన్నాడు. గొంతు ఆరిపోయింది. మళ్లీ "నీళ్లు" అన్నాడు. ఎవరో పాపం గ్లాసు తెచ్చి చేతికిచ్చారు. జనం పడీపడీ నవ్వారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నవాడు తల ఎత్తలేదు.

మర్నాడు పోస్టరు కోసం ఫొటో తీయించుకోవాలి. "చొక్కాలో అచ్చం ఇస్త్రీ చేసేవాడిలాగే ఉన్నావన్నా, కోటేదైనా వేసుకుని రా" అని ఫొటోగ్రాఫరు వెనక్కి పంపేశాడు. బావ షాపులోకి వచ్చి అటూ ఇటూ చూసి, కమ్మీ చివర ఉన్న బూడిదరంగు కోటు తీశాడు.

"వద్దు బావా. మామయ్య ఏం చెప్పాడు?"

"ఒక్క ఫొటోకేనే. దులిపి మళ్లీ తగిలించేస్తాను."

కోటు అతనికోసమే కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అద్దంలో చూసుకుని భుజాలు వెనక్కి వాల్చాడు. ఎప్పుడూ కాస్త వంగి నడిచే మనిషి నిటారుగా నడిచి వెళ్లిపోయాడు.

పోస్టర్లు గోడలెక్కాక ఆమె ఒకదాని ముందు ఆగి చాలాసేపు చూసింది. మొహం బావదే. నవ్వు మాత్రం బావది కాదు. బావ నవ్వితే కింది పెదవి ఒకవైపు వంకర తిరుగుతుంది. పోస్టరులో అతను తిన్నగా, ఎదుటివాళ్ల పేర్లన్నీ ముందే తెలిసినట్టు నవ్వుతున్నాడు. ఫొటో కదా, వాళ్లే ఏదో సరిచేసి ఉంటారులే అనుకుని ఇంటికొచ్చింది.

రెండో సభకు కూడా అతను కోటు వేసుకునే వెళ్లాడు. ఈసారి గొంతు ఆరలేదు. మాటలు గలగలా వచ్చాయి. జనం నవ్వమన్నచోట నవ్వారు, ఊరుకోమన్నచోట ఊరుకున్నారు. ఆమెకు ఒళ్లు పొంగాల్సింది. పొంగలేదు, ఒళ్లు చల్లబడింది. సభ అయ్యాక, చెప్పులు కుట్టే ముసలాయన ఒకడు జనాన్ని తోసుకుంటూ వచ్చి కోటు చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"వస్తానని చెప్పి, ఇన్నాళ్లకా వచ్చేది?"

"వచ్చాను కదా. మీ పెద్దాడి కాలు ఎలా ఉంది?" అన్నాడు బావ.

బావకు ఆ ముసలాయన ముక్కూమొహం తెలియదు. ఆమెకు ఆ సంగతి బాగా తెలుసు. ఇంటికొచ్చాక అడిగింది. "ఏ ముసలాయన?" అన్నాడు అతను.

తెల్లారి ఆమె ముసలాయన దగ్గరికే వెళ్లింది. ఆయన చెప్పు కుడుతూనే చెప్పాడు. "ఆ కోటు నేనెరుగుదునమ్మా. మా పెద్దాడు పిల్లాడిగా ఉన్నప్పుడు ఒకాయన ఇలాగే ఎన్నికల్లో నిలబడ్డాడు. మాట్లాడితే జనం కదిలేవాళ్లు కాదు. మా వాడి కాలు బాగు చేయిస్తానన్నాడు. పోలింగు ముందురోజు మీ మామగారికి కోటు ఇస్త్రీకిచ్చి, సాయంత్రం వస్తానని వెళ్లాడు. అంతే, మళ్లీ ఎవరికీ కనపడలేదు. ఓట్లన్నీ ఆయనకే పడ్డాయి. గెలిచాడు, మనిషే లేడు."

"మరి నిన్న మా ఆయన్ని పట్టుకుని ఏడ్చారేం?"

ముసలాయన సూది ఆపాడు. "కోటు చూసి దగ్గరికొచ్చానమ్మా. కళ్లు చూసి ఏడ్చాను."

ఇక ఆ రోజునుంచి ఆమె మొగుణ్ణి కనిపెట్టి చూడసాగింది. కోటు విప్పమంటే చలిగా ఉందనేవాడు. ఎర్రటి ఎండలో, బాయిలరు పక్కన, చలి! ఇస్త్రీపెట్టె దగ్గరికి రావడం మానేశాడు. షాపుకొస్తే కౌంటరు పక్కనున్న చిన్నతలుపు తోసుకుని లోపలికి రాకుండా, కస్టమర్లు నిలబడేవైపే నిలబడి, ఆమె తలుపు తీసేదాకా ఎదురుచూసేవాడు. మొదటిసారి వేళాకోళమనుకుని నవ్వింది. రెండోసారి నవ్వు రాలేదు.

అన్నిటికన్నా వాసన ఆమెను భయపెట్టింది. బట్టల్లో బతికినవాళ్లకు ఎవరి చెమట ఎవరిదో ఇట్టే తెలుస్తుంది. బావ ఒంటికి సబ్బూ ఆవిరీ కలిసిన వాసన ఉండేది. ఇప్పుడతను విప్పిన చొక్కాలు కూడా మూసిపెట్టిన గది తెరిచినట్టు వాసనేస్తున్నాయి. ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక రెండు చేతులా కోటు పట్టుకుని లాగింది.

"మామయ్య మీద ఒట్టు బావా! తీసెయ్!"

అతను కోప్పడలేదు. ఆమె చేతులు మెల్లగా విడిపించి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మామయ్యంటే ఎవరు?"

ఆమె కోరిందల్లా ఒక్కటే. బావ ఓడిపోవాలి. ఓడిపోతే ఆ కోటుకు పని ఉండదు, తన మనిషి తనకొస్తాడు. పోలింగు రోజు కట్టుకున్న మొగుడికి వ్యతిరేకంగా ఓటేసి వచ్చి, ఇస్త్రీబల్ల మీద తల ఆనించి ఏడ్చింది. అతను అందరి కంటే ముందు నిలిచి గెలిచాడు.

గెలిచాక చేతకానివాడైనా బాగుండేది. కాలేదు. నెల తిరిగేసరికి కుళాయిల్లో నీళ్లు అద్దంలా వచ్చాయి. ముసలాయన పెద్దకొడుక్కి ఆపరేషన్ అయింది. ఇన్నాళ్లకు మనకో మనిషి దొరికాడని ఊరు ఊరంతా చెప్పుకుంది. ఊరందరికీ దొరికినవాడు నాకు పోయాడు మొర్రో అంటే వినేవాళ్లెవరు? నీకేం తల్లీ, అదృష్టవంతురాలివి అంటారు.

రాజధానికి మకాం మార్చే రోజు అతను షాపుకొచ్చాడు. ఒంటిమీద కొత్త సూటు, వెంట నలుగురు మనుషులు. అవతలివైపే నిలబడి, మడిచిన బూడిదరంగు కోటు కౌంటరు మీద పెట్టాడు.

"ఇక దీంతో పని లేదమ్మా. మీరే ఉంచండి" అన్నాడు.

అమ్మా అన్నాడు. మీరు అన్నాడు. ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ ఏమే అని పిలిచిన నోరు అది. కారు కదిలి వెళ్లిపోయాక ఆమె కోటు తీసి అలవాటు కొద్దీ మొహం దగ్గర పెట్టుకుంది.

సబ్బూ ఆవిరీ కలిసిన వాసన.

అప్పుడర్థమైంది ఆమెకు, ఎవరు బయటికెళ్లారో, ఎవరు లోపలుండిపోయారో. మామయ్య ప్రతి ఏడూ ఎందుకంత జాగ్రత్తగా దులిపేవాడో కూడా అర్థమైంది. కోటును గుండెలకు హత్తుకుని "బావా, బావా" అంది. బట్ట కదా, పలకలేదు. కోటు చెయ్యి ఒకటి మాత్రం కాస్త వెచ్చగా ఉంది.

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం మందుల కంపెనీ మనిషి ఒకడు తలదాచుకోవడానికి షాపులోకి ఉరికొచ్చాడు. నిలువునా తడిసి ఉన్నాడు. ఎత్తూ భుజాలూ అచ్చం బావవే. ఆమె చూపు ముందు భుజాల మీదే పడింది. అతను తడిసిన ఫోను తుడుచుకుని ఇంటికి మాట్లాడాడు. "వచ్చేస్తున్నానే. వాన తగ్గగానే బయల్దేరతా. పాపను పడుకోబెట్టకు, వచ్చి నేనే పడుకోబెడతా."

ఆమె ఆ మాటలన్నీ వింది. ఒక్కటీ పోకుండా వింది. తను చేస్తున్నది ఎంత పాపమో ఆమెకు తెలుసు, తెలిసే చేసింది.

"తడిచొక్కా విప్పి ఇలా ఇవ్వండి, ఇస్త్రీ వేసి ఆరబెడతాను" అంది. "అందాకా చలికి ఈ కోటు వేసుకోండి."

"అయ్యో, ఎవరిదోనేమోనండీ?"

"మాదే" అంది ఆమె.

అతను మొహమాటపడుతూనే చేతులు దూర్చాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. కాసేపు వాన చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, ఎవరూ రమ్మనకుండానే, చిన్నతలుపు తోసుకుని లోపలికొచ్చి ఇస్త్రీబల్ల దగ్గర ఆగాడు. చూపుడువేలు నాలిక మీద తడిపి, ఇస్త్రీపెట్టె అడుగున తాకించాడు. చుయ్యిమంది.

"ఇంత వేడి పెట్టావేంటే? కాలర్లు మాడిపోవూ?" అన్నాడు. కింది పెదవి ఒకవైపు వంకర తిరిగింది.

తడిచొక్కా జేబులో ఫోను మోగసాగింది. ఆమె చొక్కాను హ్యాంగరుకు తొడిగి, ఫోను జేబులోనే ఉండనిచ్చి, తీసుకెళ్లి వెనక కమ్మీ చివర తగిలించింది.