లైసెన్సులో ఉన్నావిడ

బార్ తలుపులు తీయగానే పెద్దకోడలు చేసే మొదటి పని తోడికోడలి ముఖం తుడవడం. లైసెన్సుకు అద్దం కట్టించి, వచ్చినవాళ్లందరికీ కనబడేలా కౌంటర్ వెనక తగిలించాలని రూలు. అందులో ఫొటో, కింద పేరు, రెండూ చిన్నకోడలివే. ఒకసారి ఈగ ఆ ముక్కు మీద మచ్చ పెట్టిపోతే, పెద్దకోడలు వారమంతా చూసీ చూడనట్టు ఊరుకుంది. ఎందుకో ఆ వారం పని బరువనిపించలేదు.

మామగారు పోయాక లైసెన్సు ఎవరి పేరుకైనా మార్చాల్సి వచ్చింది. మొగుడి మీద పాత కొట్లాట కేసుంది, అతనికివ్వరు. మరిదిది ప్రభుత్వోద్యోగం, అతనికీ కుదరదు. ఇంక తన పేరే అనుకుని ఆమె పాలు కాచే గిన్నె ముందు నిలబడి మనసులో సంతకం కూడా దిద్దుకుంది. ఆ పూటే మొగుడు చెప్పులేసుకుంటూ, "మా తమ్ముడి భార్య పేరున పెడదాం. చదువుకుంది, నలుగురిలో మాట్లాడగలదు. నువ్వు ఆఫీసర్ని చూస్తే నీళ్లు నములుతావు" అన్నాడు. పాలు పొంగిపోయాయి. దానికీ ఆమెనే కసిరాడు.

అప్పట్నుంచీ చిన్నకోడలు ఏడాదికోసారి ఇస్త్రీ చీరలో వచ్చి రెన్యువల్ మీద సంతకం పెట్టి పోతుంది. సరుకు తెచ్చేవాళ్లు ఆమెను ఓనరమ్మా అంటారు. పెద్దకోడల్ని 'ఇదిగో' అంటారు. వాంతులు కడిగేదీ, తూలేవాణ్ణి బతిమాలి ఆటో ఎక్కించేదీ, మైనరు కుర్రాళ్లను గుమ్మంలోనే ఆపి బూతులు తినేదీ ఈ ఇదిగో. తోడికోడలి చేతులు చూసినప్పుడల్లా తన చేతుల్ని కొంగులో దాచుకునేది. ఆ పిల్ల తనకేం ద్రోహం చేసిందని అడిగితే జవాబు లేదు. జవాబు లేని కుళ్లు మరీ మండుతుంది.

ఈసారి మేడ మీది టైలరు, గోల భరించలేకపోతున్నామని, రెన్యువల్ ఇవ్వొద్దని అభ్యంతరం పెట్టాడు. ఎక్సైజ్ ఆఫీసుకు విచారణకు రమ్మన్నారు. లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్లే దగ్గరుండి నడపాలని రూలు. మొగుడు తోడికోడలికి వారంపాటు జవాబులు వల్లె వేయించి, పెళ్లాంతో మాత్రం, వెనక కూర్చుని ఆ పిల్ల మర్చిపోయినవి చెవిలో వెయ్యమన్నాడు.

వరండాలో బెంచీ మీద చిన్నకోడలు పెద్దకోడలి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, పోయినేడు మన దగ్గర తాగి ఒకడు మెట్ల మీంచి పడితే, పేరు నాదని పోలీసులు మా ఇంటికొచ్చారు. మీ మరిది ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు. సంతకం పెట్టనంటే, ఇంటి పరువు తీస్తావా అంటారు. నీకేం అక్కా, ఏ కాగితం మీదా లేవు. నిన్ను చూస్తే నాకు కుళ్లు."

పెద్దకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లూ తను చూసి కుళ్లుకున్న మనిషి, తనను చూసి కుళ్లుకుంటోంది.

లోపల టైలరు లేచి, ఫిర్యాదు చేయడానికి వెళ్లినప్పుడల్లా తనకు కనబడింది ఆ వెనక కూర్చున్నావిడేనని, లైసెన్సులో ఉన్నావిణ్ణి ఇవాళే చూస్తున్నానని చెప్పాడు. ఆఫీసరు, ఆవిడెవరని అడిగాడు. చిన్నకోడలు వల్లె వేసినవన్నీ మర్చిపోయి తల దించుకుంది. పెద్దకోడలి మొగుడే లేచి నవ్వుతూ అన్నాడు.

"మా ఆవిడండీ. ఇంట్లో తోచక వచ్చి కాసేపు కూర్చుంటుంది."

పెద్దకోడలు లేచి నిలబడింది. ఆఫీసరు వైపే చూస్తూ చెప్పింది.

"తెరిచేదీ మూసేదీ నేనండీ. మొదట్నుంచీ నేనే. ఈ అమ్మాయికీ ఆ దుకాణానికీ సంతకం తప్ప ఏం లేదు. కావాలంటే ఎవర్నైనా అడిగి చూడండి."

రెన్యువల్ ఆపేశారు. నిజంగా నడిపేవాళ్లే కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలని, అందాకా దుకాణం మూసెయ్యాలని చెప్పారు. చిన్నకోడలు వరండాలోకి రాగానే ముఖం కడుక్కుని, నలుగురూ చూస్తున్నా అక్కడే మెట్టు మీద కూలబడి హాయిగా ఊపిరి తీసుకుంది.

మొగుడు పెళ్లాన్ని గోడవారకు పిలిచి పళ్లు నూరాడు. "కొంప ముంచావు. ఆ పిల్ల మీద అంత కుళ్లు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను" అంది ఆమె. "తప్పు మనిషి మీద పెట్టుకున్నాను. పేరు దానికిచ్చారు, చాకిరీ నాకిచ్చారు. ఈ రెండూ లేకుండా ఇన్నేళ్లు దర్జాగా బతికింది మీరు. కుళ్లుకోవాల్సింది మిమ్మల్ని చూసి."

ఆమె రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"దరఖాస్తు నా పేరున పెడుతున్నాను. బల్లలు తుడవడానికో మనిషి కావాలి. మీకు వీలవుతుందేమో ఆలోచించుకుని చెప్పండి."